ద్వేషించే మనిషి లేకపోయినా వివక్ష ఉంటుందా?

ప్రశ్న: అమెరికాలో రంగును బట్టి ఉద్యోగం నిరాకరించడాన్ని 1964 నాటి పౌరహక్కుల చట్టమే నిషేధించింది. అయినా ‘వ్యవస్థాగత జాతివివక్ష’ అన్న మాట ఇప్పటికీ వింటున్నాం. ద్వేషించేవాడు ఎదుట లేనప్పుడు వివక్ష ఎక్కడున్నట్టు? దాన్ని ఎదుర్కోవడం ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన చట్టంలో ఉద్యోగాలకు సంబంధించిన భాగం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ సంస్థకు చెందిన ఒక విద్యుత్ కేంద్రంలో అప్పటిదాకా నల్లజాతివారికి కూలిపని విభాగంలో తప్ప చోటుండేది కాదు. సరిగ్గా ఆ రోజునే, మెరుగైన విభాగాల్లో కొత్తగా చేరేవారు హైస్కూలు పట్టాతో పాటు రెండు పరీక్షల్లో కూడా నెగ్గాలని సంస్థ షరతు పెట్టింది. షరతులో రంగు ప్రస్తావనే లేదు. కానీ నల్లజాతి పిల్లలను తరతరాలుగా వేరే బడుల్లో, అరకొర వసతుల మధ్య చదివించిన రాష్ట్రంలో అది ఎవరికి అడ్డుపడుతుందో చెప్పనక్కరలేదు. (పట్టా లేకుండానే అంతకుముందు చేరిన తెల్లజాతివారు ఆ పనులే నిక్షేపంగా చేస్తూ వచ్చారు.) పనికి అవసరమని రుజువు చేయలేని షరతు ఒక జాతివారిని బయటే నిలబెడుతుంటే, పెట్టినవారి ఉద్దేశం ఏదైనా అది చెల్లదని, ఈ సంస్థపై నల్లజాతి కార్మికులు వేసిన గ్రిగ్స్ కేసులో 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

ఇళ్ల విషయంలో దెబ్బ ఇంకా లోతైనది. 1930లలో ప్రభుత్వ సంస్థ తయారుచేసిన నగర పటాల్లో నల్లజాతివారుండే పేటలకు దాదాపుగా ఎర్రరంగే, అంటే ‘అప్పిస్తే ప్రమాదం’ అన్న గుర్తే పడింది. అక్కడి ఇళ్లకు అప్పు పుట్టడం గగనమైంది. 1968లో చట్టం ఈ పద్ధతిని నిషేధించినా, ఆనాడు ఇల్లు కొనుక్కోలేనివారి పిల్లలకు వారసత్వంగా వచ్చే ఆస్తి లేకపోయింది. స్థానిక ఆస్తిపన్నుపై నడిచే బడులూ వెనకబడ్డాయి.

కాబట్టి ఎదుర్కోవడమంటే ముందు ఫలితాల లెక్క తీయడం, తేడా కనిపించినచోట ఆ నిబంధన పనికి నిజంగా అవసరమా అని నిలదీయడం. వివక్ష తప్పని సిబ్బందికి చెప్పే ఒక పూట శిక్షణ తరగతితో చేతులు దులుపుకునే సంస్థల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. వేలికి తగిలించే ఆక్సీమీటర్ సంగతే చూడండి: నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా అది పసిగట్టకపోవడం, తెల్లజాతి రోగులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. ఇక్కడ నర్సుకు హితబోధ చేసి లాభం లేదు. అన్ని రంగుల చర్మాలపైనా పరీక్షించాకే పరికరాన్ని అమ్మనివ్వాలి.