పెరటి కబుర్లు: అమ్మమ్మ వాళ్ళింటి తీగ ఎక్కడ దొరుకుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే పాట. "మా చిన్నప్పుడు ఇంటి ముందు ఒక తీగ ఉండేది" అని మొదలై, "నర్సరీలో అడిగితే మొహం చూస్తున్నారు" అని ముగుస్తున్నాయి. నర్సరీ వాళ్ళని అని లాభం లేదు, చిన్న కవర్లో ఉండగానే నాలుగు పూలు పూసి కనిపించే మొక్కే అమ్ముడుపోతుంది, రెండేళ్ళు పాకితే గానీ పూయని తీగని తెచ్చి పెట్టుకుంటే వాళ్ళకేం మిగులుతుంది? సరే, ఈసారి అన్నీ పాత పూల ప్రశ్నలే తీసుకున్నాను.

అక్కా, మా అమ్మమ్మ వాళ్ళది అమలాపురం దగ్గర పల్లెటూరు. గేటు మీద రాధామనోహరం పాకి ఉండేది, సాయంత్రమైతే వీధంతా వాసన. ఇక్కడ నాలుగు నర్సరీలు తిరిగాను. ఒకాయన ఆ పేరే వినలేదన్నాడు, ఇంకొకాయన ఇచ్చింది పొదలా నిలబడిపోయింది, పాకట్లేదు. అసలుది ఎక్కడ దొరుకుతుంది? (మియాపూర్, హైదరాబాద్)

ముందు పేరు దగ్గరే చిక్కు పడింది. హైదరాబాద్ నర్సరీల్లో రాధామనోహరం అంటే చాలామందికి తెలీదు, మధుమాలతి అనండి, లేదా రంగూన్ క్రీపర్ అనండి. పనిలో పని ఇంకో రెండు పేర్లు కూడా రాసుకోండి: జాజిని చమేలీ అంటారు, పారిజాతాన్ని హర్‌సింగార్ అంటారు. మీకు అంటగట్టింది కుండీల కోసం వచ్చిన పొట్టి రకం, దాన్ని ఎంత బతిమాలినా గేటు ఎక్కదు. ముద్దగా గులాబీలా ఉండే ఇంకో రకం కూడా అమ్ముతున్నారు, అందంగానే ఉంటుంది గానీ మీరు వెతికేది అది కాదు. పాతదానికి అయిదే రెక్కలు, సన్నటి పొడుగు కాడ. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు, అందుకే ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. తెల్లగా ఉన్నప్పుడే రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగులు వచ్చి ఆ పొడుగు కాడలోంచి తేనె తాగి పోతాయి.

ఇక దొరికే చోటు. నన్నడిగితే నర్సరీ మానేయండి. పాత రైల్వే క్వార్టర్స్, పెంకుటిళ్ళు, గుడి వెనక పూలతోట, పాతకాలం బడి ప్రహరీ, ఇవి చూడండి. మా ఇంట్లో ఉన్నది ఒక పాత క్వార్టర్స్ గోడ మీంచి వచ్చిందే. పువ్వు కోస్తే కోప్పడేవాళ్ళు కూడా కొమ్మ అడిగితే ఇస్తారు, పైగా కూర్చోబెట్టి ఆ తీగ కథంతా చెబుతారు, దానికి మాత్రం ఓ గంట టైమ్ పెట్టుకుని వెళ్ళండి. తొలకరి పడ్డాక వెళ్తే ఇంకా మంచిది. రాధామనోహరానికి వేరు నుంచి పిలకలు వస్తాయి, కొంచెం వేరుతో సహా ఒక పిలక తవ్వి ఇమ్మనండి, తడి గుడ్డ చుట్టి తెచ్చుకోండి. కొమ్మే దొరికితే పెన్సిల్ లావున్నది, జానెడు పొడవు, కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా నాటి నీడలో పెట్టండి. చిగురు వచ్చిందని సంబరపడి వెంటనే పీకి చూడకండి (నేను చూశాను, అందుకే చెబుతున్నాను), వేరు పట్టడానికి ఇంకా టైమ్ పడుతుంది.

ఒకటి మాత్రం అడగాలి. మీరుండేది నాలుగో అంతస్తు బాల్కనీ అయితే ఆలోచించుకోండి. ఈ తీగ సరిగ్గా పెరిగితే మూడంతస్తుల మేడ ఎక్కేస్తుంది. పెద్ద డ్రమ్ములో వేసి, పూత అయిపోగానే గట్టిగా కత్తిరిస్తూ ఉండాలి. కొత్త కొమ్మలకే పూస్తుంది కాబట్టి కత్తిరిస్తే నష్టమేం లేదు. యూరియా వేస్తే ఆకే తప్ప పువ్వు రాదు.

ఢిల్లీ కనకాంబరం మొక్కలు నాలుగు తెచ్చాను. విరగబూస్తున్నాయి కానీ ఎంత ఎదురుచూసినా ఒక్క గింజా రావట్లేదు. మా అమ్మ ఊళ్ళో గింజలతోనే వేసేది కదా? (తెనాలి)

రావు, ఎదురుచూడకండి. పేరుకి ఢిల్లీ గానీ మన దక్షిణాది తోటల్లో విరివిగా వేసే రకమే అది. దానికి క్రోమోజోములు (కణంలో వంశలక్షణాలు మోసే పోగులు) మామూలు మొక్కల్లా రెండు సెట్లు కాదు, మూడు సెట్లు ఉంటాయి, అందుకని గింజ కట్టదు. కొమ్మ నాటి పెంచుకోవాల్సిందే. మీ అమ్మగారు వేసింది నాటు కనకాంబరం. రంగు కాస్త పలచన, పువ్వు కాస్త చిన్న, కానీ మాలలో వాడకుండా నిలుస్తుంది. దాని వెన్ను ఎండాక కాయ మీద నీటిచుక్క పడితే టప్‌మని పేలి గింజలు ఎగిరిపోతాయి, చిన్నప్పుడు అవి నోట్లో తడిపి ఒకరి మీద ఒకరు వేసుకున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి వాన రాకముందే వెన్నులు కోసి కాగితం కవర్లో మూతి కట్టి పెట్టండి. మొక్క వాడిపోతుంటే పీకి వేరు చూడండి, ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు. అదే మట్టిలో మళ్ళీ కనకాంబరం వేయకండి, ఓ విడత బంతి వేయండి.

చిట్టి చేమంతి నడుమెత్తు పెరిగింది, ఆకు నిగనిగలాడుతోంది, కార్తీకం వెళ్ళిపోయినా మొగ్గ లేదు. ఏ మందు కొట్టాలి? (నెల్లూరు)

మందు వద్దు, లైటు ఆర్పండి. మీ ఉత్తరం చివర్లో "గేటు లైటు కింద పెట్టాం, రాత్రి కూడా బాగా కనిపిస్తుంది" అని రాశారు చూడండి, జబ్బు అక్కడే ఉంది. చేమంతికి రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. తెల్లవార్లూ లైటు పడుతుంటే ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకు పెంచుకుంటూ పోతుంది. కుండీని పెరటి చీకట్లోకి మార్చండి. పూత అయ్యాక మొదలు పారేయకుండా పిలకలు విడదీసి దాచుకోండి.

మా అత్తయ్య ఆకు సంపెంగ మొక్క ఇస్తానంటున్నారు. మావారేమో ఆ వాసనకి పాములొస్తాయని ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు? (హనుమకొండ)

తెచ్చుకోండి. పాము వాసన కోసం రాదు, కప్ప కోసం, ఎలక కోసం వస్తుంది. ఆకు సంపెంగ గుబురుగా నేలదాకా కమ్ముకుంటుంది, కింద ఎండుటాకు పేరుకుంటుంది, ఆ చల్లటి చోట కప్పలు చేరతాయి, వాటి వెనక పాము. మల్లెపొదకైనా ఇదే లెక్క. మొదలు దగ్గర మూరెడు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి, కింద ఊడుస్తూ ఉంటే మీవారికి ఆ టెన్షన్ ఉండదు.

నాకు అన్ని పూలలోకీ ఇదంటేనే పిచ్చి. ఆకు రంగులోనే పూసి కంటికి దొరకదు, ముక్కుతో వెతుక్కోవాలి. పండి పసుపు తిరిగిన రోజున మాగిన పండు వాసన, ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు, మేం పిల్లలం కళ్ళు మూసుకుని పనస, మామిడి అంటూ దెబ్బలాడుకునేవాళ్ళం. కొమ్మ మీద కొక్కెంలా వంకర తిరిగిన కాడలుంటాయి, వాటితోనే పట్టుకుని పాకుతుంది, పువ్వు కూడా ఆ కొక్కేనికే వస్తుంది, ముల్లనుకుని కత్తిరించేయకండి. గింజతో వేస్తే ఏళ్ళు పడుతుంది. మీ అత్తయ్యగారిని నేల అంటు కట్టి (కొమ్మని వంచి మట్టిలో కప్పి, వేరు పట్టాక వేరుచేసి) ఇమ్మనండి.

డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ జాస్మిన్ అని కొన్నది గోడంతా పాకింది, పూసింది, కానీ మన మల్లె వాసన లేదు. ఊరి నుంచి బొడ్డుమల్లె, చంద్రకాంత తెప్పించుకోవచ్చా? (అమెరికా)

మీరు కొన్నది స్టార్ జాస్మిన్ అయ్యుంటుంది, అది మల్లె జాతే కాదు. పసుపుపచ్చగా పూసే కరొలైనా జెస్సమిన్ అయితే ఇంకా దూరం, అది విషం కూడా, పిల్లలుంటే జాగ్రత్త. అరేబియన్ జాస్మిన్ అని అడగండి, అందులో 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' అని దొరికేదే మన బొడ్డుమల్లె. మన పువ్వుకి ఇటలీ దొర పేరేమిటో అనిపిస్తుంది గానీ వాసన చూశాక క్షమించేస్తారు. కుండీలోనే వేయండి, మంచు పడే రోజుల్లో లోపల పెట్టండి, నీళ్ళు తగ్గించండి, చలి తగ్గగానే ఆకు దూసి కత్తిరించండి.

ఊరి నుంచి మట్టితో మొక్క అసలు కుదరదు, విత్తనాలకైనా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగులూ పురుగూ లేవని ఇచ్చేది) లాంటి కాగితాలు కావాలి. చంద్రకాంత కోసం అంత అవస్థ దేనికి, మీ ఊరి కొట్లోనే 'ఫోర్ ఓ క్లాక్స్' అని ప్యాకెట్ దొరుకుతుంది, అదే ఇది. కింద దుంప ఊరుతుంది, పైన ఎండిపోయినా పీకకండి, మళ్ళీ చిగురిస్తుంది. గింజలు తింటే వాంతులు, కడుపునొప్పి. చూడ్డానికి అచ్చం మిరియాల్లా ఉంటాయి, వచ్చే ఏడాదికని దాచేటప్పుడు వంటింట్లో మాత్రం పెట్టకండి.