చెయ్యెత్తమని అడగకు తల్లీ

రాజమండ్రి,
ఆదివారం పొద్దున

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కాలేజీలో చేరి నెల తిరగకుండానే నీకు గర్ల్స్ హాస్టల్ డిప్యూటీ వార్డెన్ బాధ్యత కూడా అప్పగించారట. "అక్కా, నువ్వు చేసిన పనే దీనికీ వచ్చింది చూడు" అన్నాడు. వాడి గొంతు నిండా మురిపెం. నాకూ సంతోషంగానే ఉంది, చాలా సంతోషంగా ఉంది. కానీ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అలాగే నిలబడిపోయాను. అందుకే తెల్లవారగానే కాగితం తీశాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో "సరే అత్తా, సరే అత్తా" అంటావు. ఇది నువ్వు చివరిదాకా చదవాలి.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ప్రతి పిల్ల ఇంటి ఫోన్ నంబరు ఫోన్లోనే కాక పుస్తకంలో కూడా రాసిపెట్టుకో. యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్లు అందరివీ వచ్చాయో లేదో చూసుకో. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నోటీసు బోర్డు మీద అందరూ పెడతారు, నువ్వు బాత్రూం తలుపులకు లోపలివైపు కూడా అంటించు. బోర్డు ముందు నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం ఏ ఫస్టియర్ పిల్లకీ ఉండదు.

చట్టం సంగతి కూడా చదివే ఉంటావు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించడం, అవమానించడం కూడా అందులో నేరమే, దానికి ఆరు నెలల దాకా జైలు. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థ అధిపతిని కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్కగడుతుంది. తర్వాత 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి సీనియర్లు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే ర్యాగింగ్ ఆపడానికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ నీ చేతిలో ఉన్నాయి. నా చేతిలో ఏవీ లేవని చెప్పి తప్పించుకోలేను, ఎందుకంటే నేను చేసిన తప్పుకు చట్టం ఉండి ఉన్నా అడ్డుపడేది కాదు.

అది 1994. నేను ఫస్టియర్ ఇంజనీరింగ్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని, వార్డెన్‌గా అది రెండో ఏడాది. ఆ బ్యాచ్‌లో నలభై రెండు మంది అమ్మాయిలు. చేరి రెండు వారాలైందో లేదో, ఒకరోజు మెస్‌లో వడ్డించే అప్పాయమ్మ గిన్నెలు తీస్తూ తీస్తూ నా పక్కకు వచ్చి, "మేడంగారూ, పైఅంతస్తులో రాత్రి రెండింటిదాకా లైట్లు ఎలుగుతున్నాయండి" అంది. అంతే అంది. ఆవిడ చెప్పాల్సింది అంతకన్నా లేదు.

నేను అప్పుడు నీలాగే ఉండేదాన్ని. ఏదైనా ముఖాముఖీ తేల్చేయాలి, దాపరికం నాకు గిట్టదు. మర్నాడు రాత్రి భోజనాలు కాగానే మెస్ హాల్లోనే ఫస్టియర్ పిల్లలందర్నీ నిలబెట్టాను. కుళాయిల దగ్గర చేతులు కడుక్కుంటూ సెకండియర్ వాళ్లు ఉన్నారు. వాళ్లు ఉంటే ఏం, వినాలి కూడా అనుకున్నాను. "మీలో ఎవరికైనా ఎవరివల్లైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి, నేనున్నాను" అన్నాను. ఆ "నేనున్నాను" అన్నప్పుడు నా గొంతు నాకే ఎంతో గంభీరంగా వినిపించింది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

కాదు, ఒకటి లేచింది. మూడో వరసలో సన్నగా ఉన్న పిల్ల, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. చెయ్యి భుజందాకా లేపి, అటూ ఇటూ చూసి, ఆ చేత్తోనే జడ రిబ్బను సర్దుకుంది. నేను చూశాను తల్లీ. వేళ్లకు డ్రాయింగ్ ఇంకు మరకలు కూడా కనిపించాయి. రిబ్బను సర్దుకుంటోంది అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. గదికి వెళ్లి రిజిస్టర్లో "విచారించడమైనది, ఫిర్యాదులు లేవు" అని రాసి సంతకం పెట్టి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

సరిగ్గా తొమ్మిదో రోజు వాళ్ల నాన్న వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో ఒక గుడ్డసంచి. టీసీ ఇప్పించమన్నాడు. ఎందుకండీ అని అడిగితే రెండు చేతులూ జోడించి, "మా పిల్లకి ఇక్కడ నీళ్లు పడలేదమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఆయన వెనకాల రేకుపెట్టె పట్టుకుని నిలబడింది, నావైపు చూడలేదు. తర్వాత ఎక్కడైనా చదువుకుందో లేదో నాకు తెలియదు.

ఆ బ్యాచ్ ఫైనలియర్ ఫేర్‌వెల్ రోజు రాత్రి నలుగురు అమ్మాయిలు నా గదికి వచ్చి కూర్చున్నారు. అప్పుడు బయటపడింది. ఆ పిల్లచేత రాత్రుళ్లు సీనియర్ల డ్రాయింగ్ షీట్లు వేయించేవాళ్లు. ఒకరోజు వేయనందట. అప్పటినుంచి ఎవరూ దానితో మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు. తోటి ఫస్టియర్ పిల్లలు కూడా మాట్లాడలేదు. మెస్‌లో అది వచ్చి కూర్చుంటే బల్ల ఖాళీ అయిపోయేది. "మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేమే?" అంటే నలుగురూ ఒకే మాట అన్నారు: "నేను ఎత్తుదామనే అనుకున్నాను మేడం, ఎవరూ ఎత్తకపోయేసరికి నాకొక్కదానికే కష్టంగా ఉందేమో అనుకున్నాను." నలభై రెండు మంది ఒకరి మొహం ఒకరు చూసుకుని, మిగతావాళ్లంతా బాగానే ఉన్నారనుకున్నారు. వాళ్లను అలా ఒకరి మొహాలు ఒకరు చూసుకునేలా నిలబెట్టింది నేను.

ఆ తర్వాత చాలాకాలం నాకు సరిగా నిద్ర లేదు. కెమిస్ట్రీ చెప్పే మనిషిని, లైబ్రరీలో సోషల్ సైకాలజీ పుస్తకాలు తీసుకుని చదవడం మొదలుపెట్టాను. సోలమన్ ఆష్ అని ఒకాయన 1950లలో అమెరికాలో చేసిన ప్రయోగం అక్కడే చదివాను. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దేనితో సమానమో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతారు. అలాంటప్పుడు నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కాదని గుంపుతో కలిసి తప్పు చెప్పారు. గీతల విషయంలోనే అంత జంకు ఉంటే, అదే సీనియర్లతో రాత్రికి అదే మేడ మీద పడుకోవాల్సిన పదిహేడేళ్ల పిల్ల సంగతి ఏమిటి? నేను పుస్తకం మూసేసి బయటికి వచ్చేశాను ఆ రోజు.

మళ్లీ వెళ్లి మిగతాది చదివాను, మంచిదయింది. గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పేవాళ్లు ఉంటే చాలు, ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయట. ఒక్క తోడు. నేను ఆ తర్వాత చేసిందంతా ఆ ఒక్క తోడు కోసమే.

ఎలా అంటావా? గుంపును అడగడం మానేశాను. హాజరు పట్టీలో వరసగా, ఒక్కో పిల్లనీ పది నిమిషాలు నా గదికి పిలిచేదాన్ని. హాయిగా నవ్వుతూ తిరిగే పిల్లనీ వదిలేదాన్ని కాదు. అందరూ వెళ్తారు కాబట్టి ఎవరు వెళ్లి చెప్పారో ఎవరికీ తెలియదు. "ర్యాగింగ్ చేస్తున్నారా" అని ఎప్పుడూ అడగకు, ఆ మాట వినగానే పిల్ల నోరు మూసుకుంటుంది. నిన్న ఎన్నింటికి పడుకున్నావు, రాత్రి ఎవరితో కూర్చుని తిన్నావు, ఏదీ నీ డ్రాయింగ్ షీట్ చూపించు అని అడుగు. "ఎవరితో తిన్నావు" అన్నదానికి జవాబు ఆలస్యమైతే ఇక నువ్వు మిగతా పనులు పక్కన పెట్టెయ్. ఆ తర్వాత వచ్చిన ఒక బ్యాచ్‌లో ఒక పిల్ల అలా ఆగింది. అదే ఇబ్బంది ఇంకొక పిల్ల కూడా చెప్పింది. ఇద్దరినీ అడిగి, ఒప్పుకున్నాక ఒకే గదిలో వేశాను. ఆ ఇద్దరూ కలిసి వచ్చి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. ఆ ఏడాది ఎవరూ టీసీ తీసుకోలేదు.

మాట్లాడకుండా వెలివేయడాన్ని తేలిగ్గా తీసుకోకు. ఒంటిమీద దెబ్బ లేదు కదా అంటారు పెద్దలు. కిప్లింగ్ విలియమ్స్ అనే ఆయన పరిశోధన ఉంది. పార్కులో ఇద్దరు తెలియనివాళ్లు ఆడుకుంటున్న ఫ్రిస్బీ తన దగ్గరికి వచ్చి పడితే తిరిగి విసిరాడు, వాళ్లు కాసేపు ఈయనతోనూ ఆడి, ఉన్నట్టుండి ఈయనకు విసరడం మానేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు చేసిన దానికే ఎంత గుచ్చుకుందో చూసుకుని, తర్వాత కంప్యూటర్ మీద బంతాటతో అదే పరీక్ష చేశాడు. తెరమీది బొమ్మలు బంతి వేయకపోయినా మనిషి మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు మీ పిల్లలకు వాట్సాప్ గ్రూపులున్నాయి. రాత్రికి రాత్రి ఒకర్ని గ్రూపులోంచి తీసేస్తే అప్పాయమ్మకు కూడా కనిపించదు. నాకు ఇదే ఎక్కువ భయంగా ఉంది.

సీనియర్ల గురించి ఒక్కమాట. వాళ్లను రాక్షసుల్లా చూడకు. సెకండియర్లో అందరికన్నా ముందు నిలబడి ఏడిపించేది చాలాసార్లు నిరుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చిన పిల్లే, నేను చూశాను. "మేం పడలేదా? దానివల్లే కదా ఇంత కలిసిపోయాం" అంటుంది, నమ్మే అంటుంది. 1959లో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు కాలేజీ అమ్మాయిల మీద చేసిన ప్రయోగం ఇదే చెప్పింది. ఒక చర్చా బృందంలో చేర్చుకునే ముందు కొందరిచేత పరాయి మగవాడి ఎదుట బూతులు పైకి చదివించారు. తర్వాత వినిపించిన చర్చ కావాలనే చప్పగా చేసింది. ఎక్కువ సిగ్గు అనుభవించిన అమ్మాయిలకే అది ఎక్కువ బాగుందట. పడిన అవమానం ఊరికే పోయిందని ఒప్పుకోవడం కష్టం మరి. కాబట్టి సెకండియర్ పిల్లల్ని కూడా ఒక్కొక్కరినీ పిలువు. పేరు పెట్టి పిలువు. "నిరుడు నీకేమైంది తల్లీ?" అని ముందు అడుగు. ఐదుగురు కలిసి ఉన్నప్పుడు గద్దించకు, ఐదుగురికీ ఒకే నోరు వస్తుంది. ఒక్కదాన్నే కూర్చోబెడితే దానికి మళ్లీ దాని మనసు దానికి దొరుకుతుంది.

నిన్ను తిట్టాలని కూడా ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువులో చెరుకు బండి చక్రం విరిగితే పిల్లలందర్నీ హాల్లో వరసగా నిలబెట్టి "ఎవరు విరిచారో చెప్పండి" అని గదమాయించావు. ఎవరూ చెప్పలేదు. నువ్వు చివరికి చిన్నవాడి మీద చెయ్యి చేసుకున్నావు. వాడు కాదు విరిచింది, తర్వాత నాకు వేరే పిల్ల వంటింట్లోకి వచ్చి చెప్పింది. నీకు అప్పుడే చెప్పాల్సింది, పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. నీ మనసు వెన్న, నాకు తెలుసు. జ్వరం వచ్చిన కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని పరీక్షకు చదివినదానివి. ఆ పిల్లలకు నీ మనసు కనిపించేలోపు నీ గొంతు వినిపిస్తుంది, నా బెంగంతా అదే.

బస్సులో ఆవకాయ జాడీ, పెద్ద టార్చిలైటు పంపిస్తున్నాను. కరెంటు పోయినప్పుడు పైఅంతస్తుకు వాచ్‌మన్‌ను పంపకు, నువ్వే వెళ్లు.

ఆ శ్రీకాకుళం పిల్ల ఉన్నది పదిహేడో నంబరు గది. మీ హాస్టల్లోనూ పదిహేడు ఉండే ఉంటుంది. పట్టీలో ఎవరు ముందున్నా సరే, ఈ ఒక్కసారికి అత్త కోసం ఆ గదిలో పిల్లల్నే ముందు పిలువు.

నీ
అత్త