పెద్ద చేపకు ఎంత ట్యాంకు కావాలి?

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. షాపులో నీకు నచ్చినవి రెండు ఆస్కార్ చేపపిల్లలు, ఒక సిల్వర్ అరోవానా చేప, షార్క్ అని పేరు పెట్టి అమ్ముతున్న ఆ వెండిరంగు చేప. నాలుగింటినీ ప్రస్తుతానికి రెండడుగుల ట్యాంకులో వేసుకోవచ్చని, పెరిగాక పెద్దది కొనుక్కోవచ్చని షాపతను చెప్పాడన్నావు. ఆ సలహాను అక్కడే వదిలేసి రా. "పెరిగాక" అనే రోజు నువ్వు అనుకున్నదానికంటే చాలా ముందే వస్తుంది.

ఆస్కార్ పిల్ల నీ బొటనవేలంత ఉందని మురిసిపోకు. మంచి మేత, మంచి నీళ్ళు ఉంటే మొదటి నెలల్లో నెలకు దాదాపు అంగుళం చొప్పున సాగుతుంది. ఏడాది తిరిగేసరికి పది అంగుళాలు, ఆ తరవాత అడుగు. పదేళ్ళకు పైగా బతుకుతుంది కూడా. అరోవానా ఇంట్లోనే మూడడుగుల దాకా వస్తుంది. అమెజాన్ ప్రాంతంలో అది కొమ్మల మీది పురుగుల కోసం నీళ్ళలోంచి పైకెగిరి పట్టుకునే జాతి. కాబట్టి బరువైన మూత లేకపోతే ఏదో ఒక తెల్లవారుజామున హాల్లో నేల మీద కనిపిస్తుంది. దానికి ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తక్కువలో తక్కువ. నీ ఫ్లాటులో అది జరిగే పని కాదు.

ఇక ఆ షార్క్ సంగతి. అది షార్కూ కాదు, దాని చుట్టమూ కాదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో కూరకోసం పెంచే పంగాసియస్ పిల్ల. మీటరు దాటి పెరిగే నది చేప. పైగా గుంపులో తిరిగేది, పిరికిది. గదిలో ఎవరైనా గబుక్కున లైటు వేస్తే ట్యాంకు ఈ చివరనుంచి ఆ చివరకు దూసుకెళ్ళి గాజుకు ముక్కు కొట్టుకుంటుంది. షాపుల్లో కొంచెం పెద్దవాటిని గమనించు, మూతి దగ్గర తెల్లగా పుండు కనిపిస్తుంది. దాన్ని ఏ ఇంటి ట్యాంకుకూ కొనవద్దు.

"చేప ట్యాంకుకు తగ్గట్టే పెరుగుతుంది కదా" అని ఎవరో ఒకరు నీతో అంటారు. ఆ మాటలో నిజమున్నంత మేరా చేపకు కష్టమే. ఇరుకు నీళ్ళలో వ్యర్థాలు పేరుకుంటాయి, ఎదుగుదల మందగిస్తుంది, వెన్ను వంగుతుంది, ఒళ్ళు పొట్టిగా ఉండి కళ్ళు మాత్రం పెద్దవిగా కనిపిస్తాయి. చాలావరకు రెండు మూడేళ్ళకే పోతుంది. "మా చేప చిన్నగానే ఉండిపోయింది" అని సంతోషించేవాళ్ళ ట్యాంకులో జరుగుతున్నది ఇదే.

పాత పుస్తకాల్లో అంగుళం చేపకు ఒక గ్యాలన్, అంటే సుమారు నాలుగు లీటర్లు చాలన్న సూత్రం ఉంటుంది. టెట్రాల వంటి చిన్న చేపలకు అది నడుస్తుంది. ఆస్కార్‌కు నడవదు. అంగుళం చేపకూ పదంగుళాల చేపకూ పొడవులో తేడా పది రెట్లు. కానీ లావూ ఎత్తూ కూడా పది రెట్లే కనుక ఒళ్ళు దాదాపు వెయ్యి రెట్లు. తినేదీ విసర్జించేదీ ఆ ఒంటిని బట్టే ఉంటుంది. అందుకే పెద్ద చేపకు అంగుళాల లెక్క పక్కన పెట్టి, ముందు అది మళ్ళగలిగే చోటు చూడాలి.

అది చూడటానికి చాలా సులువైన పద్ధతి ఉంది. పిల్లల స్కూలు స్కేలు ఒకటి తీసుకో, 30 సెంటీమీటర్లది. పెరిగిన ఆస్కార్ అంత ఉంటుంది. షాపులో ఏ ట్యాంకు చూపించినా ముందు గాజునుంచి వెనక గాజుకు ఆ స్కేలు అడ్డంగా పెట్టు. అడుగు వెడల్పు ట్యాంకైతే గాజు మందం పోను స్కేలే పట్టదు. ఆ ట్యాంకులో పెరిగిన చేప వెనక్కి తిరగాలంటే ఒళ్ళు విల్లులా వంచి, తోక గాజుకు రాసుకుంటూ తిరగాలి. రోజుకు వందలసార్లు, పదేళ్ళపాటు. ఒకటిన్నర అడుగుల వెడల్పులో స్కేలు పడుతుంది, ఇంకో అరచేయి ఖాళీ మిగులుతుంది. రెండడుగులైతే చేప హాయిగా మళ్ళుతుంది. షాపులవాళ్ళు పొడవు, ఎత్తు గొప్పగా చెబుతారు గానీ వెడల్పు నువ్వు అడిగేదాకా చెప్పరు. ఎత్తు మన కంటికి అందం, అంతే. ఆస్కార్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. చెయ్యి అడుగుకు అందక శుభ్రం చేయడం కూడా కష్టం.

నీకు నా సలహా ఒక్క ఆస్కార్. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ట్యాంకు కొలతలిచ్చి చేయించుకో. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. మొత్తం 12 ఘనపుటడుగులకు 340 లీటర్లు వస్తుంది. పైన రెండంగుళాలు వదిలితే 300 లీటర్ల నీళ్ళు. గాజు 10 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకు. 8 చాలని తగ్గించి చెబుతారు, వినకు. రెండు ఆస్కార్లే కావాలని పట్టుబడితే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అది 680 లీటర్లు, గాజు 12 మిల్లీమీటర్లు. అప్పుడు అసలు ప్రశ్న చేపది కాదు, నీ మూడో అంతస్తు శ్లాబుది.

లీటరు నీళ్ళు కిలో. నేను చెప్పిన నాలుగడుగులది గాజూ స్టాండూ కలుపుకొని 400 కిలోలకు చేరుతుంది. ఆరడుగులది 800 దాటుతుంది. ఇళ్ళ శ్లాబులు సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగపు బరువు, అంటే మనుషులూ సామానూ కలిపి, అంచనాతో కడతారు. ఒకే మూల ఎక్కువ బరువు పెట్టేటప్పుడు గోడ వారగా, కింద బీము ఉన్నచోట, దానిమీదుగా పెట్టాలి. హాలు మధ్యలో వద్దు, బాల్కనీలో అసలే వద్దు. ఆరడుగులదైతే ఇంజనీరుకు చూపించకుండా ముందుకు పోకు. మీ అమ్మ ఈశాన్యమనే అంటుంది, నాకు తెలుసు. ఈశాన్యంలో బీము ఉంటే శుభం, లేకపోతే బీమునే నమ్ముకో. స్టాండు కాళ్ళ కింద మందమైన చెక్క వేసి, రసమట్టం పెట్టి చూడు. ట్యాంకుకూ స్టాండుకూ మధ్య థర్మోకోల్ షీటు తప్పదు. ఒక మూల రెండు మిల్లీమీటర్లు పల్లంగా ఉన్నా భారమంతా అటు పడి సిలికాన్ అతుకు ఎప్పుడో విడిపోతుంది.

పెద్ద ట్యాంకు కష్టమనుకుంటారు గానీ, అదే సులువు. నీళ్ళు ఎక్కువైతే చేప వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియా విషం పలచబడుతుంది, మే నెల ఎండకు త్వరగా వేడెక్కదు, కరెంటు పోయినా కాసేపు తట్టుకుంటుంది. అయినా వారానికి మూడో వంతు మార్చాల్సిందే. 300 లీటర్లకు వంద లీటర్లు, అంటే ఆరు బకెట్లు. వేసవిలో మీ అపార్టుమెంటుకు ట్యాంకరు వచ్చే రోజుల్లో కూడా ఆ ఆరు బకెట్లు ఇవ్వగలవా, ముందే ఆలోచించుకో. తీసిన నీళ్ళు మొక్కలకు పోస్తే అవి బాగా ఏపుగా వస్తాయి. కొళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయే మందు కలపకుండా పోయకు. ఫిల్టరు గంటకు 1500 లీటర్లకు తగ్గకుండా తిప్పేది చూడు. ఆస్కార్ తిండి నమిలి సగం నీళ్ళలోకే ఉమ్మేస్తుంది.

మీ నాన్న నుదుటి మీద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ చేప అయితే అదృష్టం అంటున్నాడట. సరే, అదీ నాలుగడుగుల ట్యాంకులో ఒక్కటే ఉండగలదు, పక్కన ఏది వేసినా కొరికేస్తుంది. ఆ బుడిపె అదృష్టం తెస్తుందో లేదో గానీ కొలతలు మాత్రం ఇవే. ఆసియా అరోవానా ఎవరైనా తక్కువకు ఇస్తామంటే ముట్టుకోకు. అది అంతర్జాతీయ రక్షణలో ఉన్న జాతి, కాగితాలు లేకుండా ఉంచుకుంటే చిక్కు. గాజు శుభ్రం చేస్తుందని షాపతను ఉచితంగా వేసే సక్కర్ చేప కూడా వద్దు. అడుగున్నర పెరుగుతుంది. విసుగొచ్చి కాలువలో వదిలినవే ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపలని పేరు తెచ్చుకుని రైతుల వలలు చింపుతున్నాయి.

ట్యాంకు వచ్చాక నీళ్ళు నింపి, ఫిల్టరు నడుపుతూ, చిటికెడు మేత వేస్తూ నెల, నెలన్నర ఖాళీగా ఉంచు. నీటి పరీక్షలో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైటు అనే విషం రెండూ సున్నా చూపించాకే చేపను తెచ్చుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, హాలు గోడ పొడవు, కింద బీము ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో, వీధి తలుపు వెడల్పు, లిఫ్టు లోపలి కొలతలు రాసి పంపడం. నాలుగడుగుల ట్యాంకు లిఫ్టులో పట్టకపోతే మెట్ల మలుపుల దగ్గర నలుగురు మనుషులు కావాలి, ఆ కూలీ ముందే మాట్లాడుకోవాలి. అవి అందాక స్టాండు కొలతలు నేను వేసి పంపుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న