ఫ్లాష్ ఒక ఫొటోకు వెలిగి, తర్వాతి ఫొటోకు ఎందుకు వెలగదు?

చాలాసార్లు దీనికి కారణం నీరసించిన బ్యాటరీలే. ఫ్లాష్ గొట్టం బ్యాటరీ కరెంటుతో నేరుగా వెలగదు. లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్ అనే భాగం సుమారు 300 వోల్టుల దాకా నిండాలి. ఆ నిల్వ కన్నుమూసి తెరిచేలోగా ఖర్చవుతుంది, మళ్లీ నిండేదాకా ఆగక తప్పదు. సెల్స్ నీరసించేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది.

తలంబ్రాల వేళ పూర్తి శక్తితో వరుసగా క్లిక్ చేస్తే రెండోదో మూడోదో చీకటి ఫొటో వస్తుంది. శక్తిని 1/4కు తగ్గించి, కెమెరా ఐఎస్‌వోను (వెలుతురుకు స్పందించే స్థాయిని) 100 నుంచి 400కు పెంచండి. ఫొటోలో ఫ్లాష్ వెలుతురు అంతే ఉంటుంది, ఫ్లాష్ మాత్రం చాలా త్వరగా సిద్ధమవుతుంది.

1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్ కంటే 1.2 వోల్టుల రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ బలహీనమనుకోవడం పెద్ద పొరపాటు. దాని అంతర్గత నిరోధం, అంటే కరెంటును లోపలే అడ్డుకునే గుణం, తక్కువ కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తుంది. ఫ్లాష్‌కు కావలసింది సరిగ్గా అదే.

సిద్ధమైనట్టు సూచించే దీపం వెలిగినా ఫ్లాష్ పనిచేయకపోతే, హాట్ షూను (కెమెరాపై ఫ్లాష్ బిగించే గాడిని), ఫ్లాష్ అడుగున ఉన్న లోహపు చుక్కలను పొడిగుడ్డతో తుడిచి, చివరిదాకా తోసి బిగించండి. ఫ్లాష్‌ను మాత్రం విప్పకండి, బ్యాటరీలు తీశాక కూడా కెపాసిటర్ గట్టి షాక్ ఇవ్వగలదు.