ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మణికట్టు, మోచేయి, చీలమండ దెబ్బల గురించే. వాపు ఎంతుందో అందరూ రాశారు, నొప్పి సరిగ్గా ఏ చోటో రాసినవారు తక్కువ. మాకు ముందు కావలసింది ఆ చోటే.

ప్రశ్న: నిన్న దుర్గగుడి మెట్లు దిగుతుంటే ఎడమ పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు బాగా వాచింది. ఇంట్లో సున్నం, బెల్లం పట్టు వేసి కాపడం పెడదామంటున్నారు. ఎక్స్‌రే తీయించాలా? నా వయసు 46.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వాపును బట్టి ఎముక విరిగిందో లేదో తేల్చలేమమ్మా. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో చెప్పిన పరీక్షనే ఇప్పటికీ వాడుతున్నాం. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల కొసను, అక్కణ్నుంచి వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల మేర, అంటే సుమారు నాలుగు వేళ్ల వెడల్పు, వేలితో నొక్కి చూడండి. తర్వాత చిటికెన వేలి వైపు పాదం అంచు మధ్యలో తగిలే గడ్డను, లోపలివైపు అరికాలి వంపు పైనున్న ఎముకను నొక్కండి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. కుంటుతూ నడిచినా నడిచినట్టే లెక్క. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఈ పరీక్షను నమ్ముకోకుండా నేరుగా ఎక్స్‌రేకి వెళ్లాలి.

ఎముకల మీద కాక, బయటి ఎముకకు ముందు, కింద ఉన్న మెత్తటి చోటే నొప్పి ఉంటే అది చాలావరకు బెణుకే. పాదం లోపలికి మడిచినప్పుడు ముందుగా సాగేదీ, చిరిగేదీ అక్కడి లిగమెంటే, అంటే ఎముకల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పట్టీయే.

మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దన రెండూ వద్దు. లోపల చిన్న రక్తనాళాలు తెగి ఉంటాయి, వేడి తగిలితే వాపు ఇంకా పెరుగుతుంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, ఆ పైన వచ్చే పుండు అదనం. ఐసును తడి తువ్వాల్లో చుట్టి 15 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టండి. 4 అంగుళాల క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదలు నుంచి పైకి, చుట్టు మీద చుట్టు సగం పడేలా కట్టండి. చీలమండ దగ్గర మొదలుపెట్టి కడితే వాపంతా పాదంలోకి దిగుతుంది. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయాలి. నాటు కట్లలో జరిగే పెద్ద ప్రమాదం కూడా ఈ బిగుతే.

మూడో రోజు నుంచి పాదాన్ని పైకీ కిందికీ మెల్లగా ఆడించండి. బరువు మోపగలిగాక, గోడ పక్కన ఆ ఒంటికాలి మీదే 30 సెకన్లు నిలబడటం రోజూ చేయాలి. దీన్ని చాలామంది ఎగ్గొడతారు. పాదం ఏ వంపులో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు ఆ లిగమెంటులోనే ఉంటాయి. వాటికి మళ్లీ అలవాటు చేయకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

ప్రశ్న: టిఫిన్ సెంటర్లో దోసెల మాస్టర్‌ని. నాలుగు నెలలుగా కుడి మోచేయి బయటివైపు నొప్పి. పిండి బకెట్ ఎత్తినా, గుడ్డ పిండినా లాగేస్తోంది. టెన్నిస్ ఎల్బో అని ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. చేయించుకోనా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తొందరపడకండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. ఏడాది తర్వాత పోల్చి చూసిన పరిశోధనల్లో మాత్రం, చేయించుకోనివారే మెరుగ్గా ఉన్నారు. మణికట్టును పైకెత్తే కండరం మోచేతి బయటి ఎముకకు అతుక్కునే చోట పోగులు అరిగి ఉంటాయి. వాపు మందులతో అవి గట్టిపడవు, కొలిచి బరువు మోపితేనే గట్టిపడతాయి.

ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా చేతిని అంచు బయటికి వేలాడదీయండి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. ఎడమ చేతి సాయంతో మణికట్టును పైకెత్తి, సాయం తీసేసి 4, 5 సెకన్లలో నెమ్మదిగా దించండి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, రోజూ, కనీసం 6 నుంచి 12 వారాలు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండొచ్చు. మర్నాటి పొద్దుటికీ తగ్గకపోతే సీసాలో నీళ్లు తగ్గించండి.

బకెట్‌ను సగమే నింపి, మోచేయి మడిచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి. గిన్నెలు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉండాలి. అట్లకాడ పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేయండి, పిడికిలి బిగింపు తగ్గుతుంది. మోచేతి పట్టీని ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్ల కింద కండ మీద, పనిచేసేటప్పుడే పెట్టుకోవాలి.

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర బండి జారి అరచేయి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. తొమ్మిది రోజులైనా బొటనవేలి వైపు మణికట్టు నొప్పి పోలేదు.
– ఒక డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: బొటనవేలిని వెనక్కి లేపితే దాని మొదట్లో రెండు తాళ్ల మధ్య గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉందంటే స్కాఫాయిడ్ ఎముక విరిగిందనే అనుకుని జాగ్రత్తపడాలి. జీడిపప్పంత ఎముక. మొదటి ఎక్స్‌రేలో దీని పగులు తరచూ కనబడదు. 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ తీయించండి, ఎం.ఆర్.ఐ. అయితే ముందే చూపిస్తుంది. అప్పటిదాకా బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ (కట్టు) వేయించుకోండి, దాన్ని తీయొద్దు, బండి నడపొద్దు. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వస్తుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం ఉంది. సిగరెట్ అలవాటుంటే అతుక్కోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

ప్రశ్న: రెండేళ్ల మనవణ్ని చేయి పట్టి పైకి లాగాను. అప్పట్నుంచి చేయి కదపడం లేదు. వాపు లేదు.
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: మోచేతి దగ్గర ఎముక తల కాస్త పక్కకు జారి ఉంటుందమ్మా, ఈ వయసులో మామూలే. ఎముకల డాక్టరు నిమిషంలో సరిచేస్తారు, కాసేపటికి బాబు ఆ చేత్తోనే బొమ్మ అందుకుంటాడు. మీరు తిప్పి చూడకండి. కింద పడి, మోచేయి వాచిన పిల్లలది వేరే సంగతి. ఎముక విరిగి ఉండొచ్చు, చేతిని ఉన్నదున్నట్టు ఆనించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక మీద ఎత్తేటప్పుడు చంకల కింద పట్టుకోండి.