పాత ఇల్లు బాగు చేయించడానికి అడుగుకి ఎంత లెక్కేసుకోవాలి?

30 ఏళ్ళ నాటి రెండు బెడ్‌రూముల ఇల్లు బాగు చేయించాలి, చదరపు అడుగుకి ఎంతవుతుందని అడిగారు. అడుగు లెక్క కొత్త ఇంటికండీ. పాత ఇంటికి అడుగు లెక్క చెప్పే కాంట్రాక్టరుకి టీ ఇచ్చి పంపించేయండి.

మా బాత్రూమే చూడండి. 8 అడుగులు బై 5 అడుగులు, అంటే నేల 40 చదరపు అడుగులే. గోడలకి 7 అడుగుల ఎత్తు టైల్స్ వేస్తే, తలుపు తీసేసినా దాదాపు 165. నేలతో కలిపి 200 దాటింది. పక్కనే 12 బై 11 బెడ్‌రూమ్, 132 అడుగులు. దానికి రంగు తప్ప ఇంకేం చేయలేదు. ఈ రెంటికీ ఒకటే రేటు ఎలా కడతారు?

ఇది కాకినాడలో మా నాన్నగారు 1994లో కట్టించిన ఇల్లు. హాలు గోడకి కింద రెండడుగుల మేర చెమ్మెక్కి రంగు బుడగలు లేచింది. వచ్చినవాళ్ళంతా ఆ గోడని గోటితో గీకి చూసినవాళ్ళే. ఒకాయన ఇల్లంతా కలిపి ఆరు లక్షలన్నాడు, ఇంకొకాయన ఎనిమిదిన్నర. దేనికెంత అని అడిగితే మాత్రం "మీకెందుకండీ, మేం చూసుకుంటాం కదా" అంటారు. నేనెవరికీ గుత్తకివ్వలేదు. తెలిసిన మేస్త్రీని, ఇద్దరు కూలీలని రోజు కూలికి పిలిచి ముందు బాత్రూమ్ గోడ ఒక్కటీ పగలగొట్టమన్నాను.

ఉలి దెబ్బకి టైలు ఊడింది, దాని వెనక సిమెంటు పొడిపొడిగా రాలింది. లోపల జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు. కుళాయి దగ్గర పైపు మలుపు తిరిగే ఎల్బో మీద మేస్త్రీ బొటనవేలు పెట్టి నొక్కితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. కోసి చూస్తే లోపలంతా తుప్పు పేరుకుని పెన్సిలు పట్టేంత సందు మిగిలింది. "నీళ్ళు సన్నగా వస్తున్నాయని మోటారు మార్పించారు కదండీ బాబుగారూ, ఇదిగోండి" అన్నాడు. పోనీ ఆ లైను అక్కడితో ఆగిందా అంటే, గోడలోంచి నేరుగా వంటింటి గట్టు కిందకి వెళ్ళింది. గట్టు మీద నల్ల గ్రానైటు. విరక్కుండా లేపుతానని మేస్త్రీ ఎంత ధీమాగా చెప్పినా సింకు కోసిన చోట రెండు ముక్కలైంది. అక్కడ రాయి నాలుగంగుళాల పట్టీయే ఉంటుంది, విరక్క ఏం చేస్తుంది?

గోడ గీకి ఆరు లక్షలన్నాయనకి ఈ పైపు ఎక్కడ కనపడింది? పని సగంలో ఉండగా "ఇది ఎక్స్‌ట్రా అండీ" అనేవాడు. అప్పటికి మనకి స్నానం చేయడానికి చోటుండదు, ఇంక బేరం ఏమాడతాం?

అందుకే ముందు పగలగొట్టించి, తర్వాతే ఎస్టిమేటు రాయించండి. పైపులన్నీ తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపులకి, అదే సీపీవీసీకి మార్చేస్తే ఎంత, వైరింగుకెంత, టైల్స్ కూలి ఎంత, మెటీరియల్ ఎంత, దేనికది విడిగా ఉండాలి. వచ్చిన మొత్తానికి ఇంకో ఐదోవంతు అదనంగా పక్కన పెట్టుకోండి, అది ఎలాగూ ఖర్చయిపోతుంది. మట్టి ఎత్తించే ఖర్చు ఏ కాంట్రాక్టరూ రాయడు, మీరే రాసుకోండి. పగలగొట్టిందంతా ఖాళీ సిమెంటు బస్తాల్లో నింపి గేటు పక్కన పేర్చాం. ట్రాక్టరువాడు రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ తిప్పాడు. ఎదురింటావిడ రోజూ ఆ బస్తాల వైపు చూసి లోపలికెళ్ళి తలుపేసుకునేది.

జీఎస్టీ తగ్గింది కదా, ఖర్చు తగ్గుతుందా అంటారు కొందరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద 28 శాతం 18 అయిన మాట నిజమే. 350 రూపాయల బస్తా మీద అది పాతిక, ముప్ఫై రూపాయలు. బాత్రూమ్‌కి ఎన్ని బస్తాలు పడతాయి? రిపేరులో డబ్బంతా కూలికే పోతుంది. ఇంకా కడుపుమంట ఏంటంటే, ఉండడానికి ఇల్లు కొన్నా, కొత్తగా కట్టుకున్నా లోను వడ్డీ మీద ఇన్‌కమ్ టాక్స్‌లో ఏటా 2 లక్షల దాకా మినహాయింపిస్తారు, ఉన్న ఇల్లు బాగు చేయించుకుంటే 30 వేలే. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. ఉన్న ఇంటిని నిలబెట్టుకునేవాడంటే ఎవరికీ లెక్కలేదు.

ఇంట్లోవాళ్ళ నుంచి కూడా ఎస్టిమేటుని కాపాడుకోవాలి. మా అమ్మ "ఎలాగూ పగలగొట్టారు కదా, ఆ అలమరా కూడా..." అని మొదలెట్టేది. అమ్మని ఏమనగలం, అలమరా చేయించాం. మా బావగారు మాత్రం ఫోన్లో బొమ్మలు చూపించి హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించమని పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. సముద్రపు గాలికి మా ఊళ్ళో స్లాబులో కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. మా సన్‌షేడ్‌లకి ఇప్పటికే కడ్డీలు కనపడుతున్నాయి. అలాంటి స్లాబు కింద జిప్సమ్ బోర్డు బిగించి లైట్లు పెట్టుకుంటే పైన ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఆ డబ్బు పెట్టి పాత పెచ్చులు కొట్టించి, కడ్డీల తుప్పు గీకించి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించాను. హాలు బోసిగా ఉందని బావగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు.