ముందు ఆ బకెట్ పక్కన పెట్టు

చిరంజీవి చిన్నికి, అత్త ఆశీస్సులు.

రాకాసి గుళ్ళలో, అదే, పెద్ద బండలు పేర్చి కట్టిన ఆ పాతకాలపు సమాధుల్లో దొరికే కుండల మీద పరిశోధన చేస్తావట కదా. "నీ పెంకుల పిచ్చి నా కూతురికీ అంటించావు" అని మీ నాన్న ఫోన్‌లో నన్ను దులిపేశాడు. ఆ వెంటనే నీకు సీటొచ్చిన సంగతి రెండుసార్లు చెప్పాడు. వాడికీ గర్వంగానే ఉందిలే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ ఎక్కువ.

తలకు గుడ్డ చుట్టుకో, బూట్లు వేసుకో, లోతు గోతిలోకి ఒక్కదానివే దిగకు. చీటీలు పెన్సిల్‌తో రాసి సంచిలో ఒకటి, బయట ఒకటి పెట్టు. సిరా తడికి చెదిరిపోతుంది. ఇవన్నీ అక్కడ ఎలాగూ చెబుతారు.

నా భయమంతా కడగడం గురించే.

1980ల మొదట్లో, నాకు నీ వయసే. ఒక సమాధిలో చిన్న గిన్నె దొరికింది, అంచు కూడా పగల్లేదు. బయట ఎరుపు, లోపల నలుపు. ఆ కాలపు కుండల్ని ఆవంలో బోర్లించి కాల్చడం వల్ల అలా వస్తుందంటారు. గాలి తగిలిన వైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, గాలాడని లోపలి వైపు పొగ పట్టి నల్లబడుతుంది. ఈ పాఠం అప్పుడే కొత్తగా నేర్చుకున్నాను. అదే నా కొంప ముంచింది. గిన్నె అడుగున గరుకుగా పెచ్చు కట్టి ఉంటే, నలుపులో నలుపే కదా అనుకున్నాను. మర్నాడు ఫొటోలు తీయాలి. బకెట్ ముందు కూర్చుని, మీ నానమ్మ దగ్గర అంట్లు తోమిన చేతులతో, కొబ్బరి పీచు పెట్టి గంటసేపు రుద్దాను. తళతళలాడింది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

చాలా ఏళ్ళ తర్వాత ఒక రసాయన శాస్త్రం కుర్రాడు వచ్చాడు. "మేడమ్, దీంట్లో ఏమైనా అంటుకుని ఉండేదా?" అని అడిగాడు. నోట్‌బుక్ తీశాను. "అడుగున నల్లటి పెచ్చు. శుభ్రం చేయబడింది." నా దస్తూరీయే. ఆ పెచ్చు మాడిన అన్నమో, గంజో, మరేమిటో! ఉండి ఉంటే కార్బన్‌తో వయసు కట్టేవాళ్ళు, ఏం వండారో వెతికేవాళ్ళు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా, కొన్ని పెంకులు కడగకుండానే ఉంచు. వాటిని వట్టి చేత్తో ముట్టుకోకు, నీ చర్మం మీది నూనే రేపు ఫలితాల్లో కనిపిస్తుంది. ప్లాస్టిక్ సంచి కూడా వద్దు, ఫాయిల్‌లో చుట్టు. పక్క మట్టి గుప్పెడు విడిగా తీసి పెట్టు, పోల్చడానికి కావాలి. థర్మోల్యూమినిసెన్స్‌కు, అంటే పెంకును వేడి చేసి అది వెదజల్లే వెలుగును బట్టి వయసు కట్టే పరీక్షకు పంపేవి ఎండలో ఆరబెట్టావో, నీ సంగతి చెబుతా.

ల్యాబ్‌లోనూ తొందరపడకు. ఎక్స్‌రేలో కాల్సైట్ (సున్నపు ఖనిజం, ఎక్కువ వేడికి నిలవదు) కనపడగానే "తక్కువ వేడిలో కాలింది" అని రాసేయకు. వందల ఏళ్ళు నేలలో ఉన్న పెంకులోకి నీళ్ళతో పాటు సున్నం మళ్ళీ చేరుతుంది. ముందు 30 మైక్రాన్ల పలుచటి ముక్క చేయించి, మైక్రోస్కోప్ కింద ఆ సున్నం ఎక్కడ కూర్చుందో చూడు. నీకు తొందరెక్కువ, నా పోలికే. అందుకే ఇంత నస.

నానమ్మ చేపల పులుసు కుండ గుర్తుందా? దాంట్లో ఇంకేదీ వండనిచ్చేది కాదు. ఎంత కడిగినా వాసన పోదనేది. పూత లేని మట్టి గోడ కొవ్వును తాగేస్తుందని మనం పెద్ద చదువులు చదివి తెలుసుకున్నాం, ఆవిడకు ముక్కుతోనే తెలుసు. ఆ కుండ ఇంకా అటక మీదే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళి, నీ మొదటి నమూనా దాన్నుంచే తీసుకో. మీ నాన్నకు మాత్రం ముందే చెప్పకు, కుండ గీకుతావంటే ఏడుస్తాడు.

మీ అత్త